టెక్ సందేహాలు: కన్సోల్‌లో ఉన్న డేటా పేజీలో ఎందుకు లేదు?

ప్రశ్న: మాది విశాఖ మధురవాడ. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మినీ ప్రాజెక్టుగా ఎంవీపీ కాలనీ రైతుబజారులో కూరగాయల ధరలు చూపించే పేజీ చేస్తున్నాను. ఫెచ్‌తో (సర్వర్ నుంచి డేటా అడిగే జావాస్క్రిప్ట్ ఆదేశం) తెప్పించిన డేటా కన్సోల్‌లో (కోడ్ ప్రింట్ చేసినవి చూపే బ్రౌజర్ ప్యానెల్) తెరిచి చూస్తే మొత్తం ఉంది, పేజీలో మాత్రం పట్టిక ఖాళీ. సెర్చ్ బాక్సులో ‘బీర’ అని కొడితే ఒక్కోసారి బీన్స్, బీట్‌రూట్ కూడా వస్తున్నాయి. వచ్చే వారమే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది సర్.

జవాబు: టెన్షన్ పడకండి, రెండింటికీ మూలం ఒకటే. సర్వర్ నుంచి జవాబు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మీ కోడేమో అడిగిన వెంటనే, అడిగిన వరుసలోనే వచ్చేస్తుందని నమ్ముకుని ఉంది.

ఫెచ్‌ని పిలవగానే చేతికొచ్చేది డేటా కాదు, ప్రామిస్. క్యాంటీన్‌లో డబ్బు కడితే ఇచ్చే టోకెన్ లాంటిది, దోసె ఇంకా పెనం మీదే ఉంటుంది. స్క్రిప్టు మాత్రం ఆగకుండా కింది లైనుకు వెళ్లిపోతుంది. పట్టిక గీసే లైను ఫెచ్ కిందే రాశారు కాబట్టి అది డేటా రాకముందే నడిచి, ఖాళీ జాబితాను గీసేసింది. గీసే పనిని అవెయిట్ (ప్రామిస్ నెరవేరేదాకా ఆగమని చెప్పే పదం) తర్వాత పెట్టండి. జవాబులోని జేసన్‌ను (డేటాను అక్షరాలుగా రాసి పంపే పద్ధతి) చదివే పిలుపు కూడా ప్రామిస్‌నే ఇస్తుంది, కాబట్టి దానికీ అవెయిట్ కావాలి. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే.

మరి కన్సోల్‌లో ఎలా కనిపించింది? అక్కడే అందరూ మోసపోతారు. జాబితా పక్కనున్న బాణం గుర్తును మీరు నొక్కిన క్షణంలో అందులో ఏముందో క్రోమ్ అది చూపిస్తుంది, ప్రింట్ చేసినప్పుడు ఏముందో కాదు. మీరు నొక్కేలోపు డేటా వచ్చేసింది. అక్కడున్న చిన్న ‘ఐ’ గుర్తు మీద మౌస్ పెట్టండి, ఆ మాటే రాసి ఉంటుంది. ఇలాంటప్పుడు జాబితాను కాదు, దాని లెంగ్త్‌ను, అంటే అందులో ఎన్ని అంశాలున్నాయో ఆ సంఖ్యను ప్రింట్ చేయాలి. సున్నా వచ్చిందంటే తప్పు దొరికినట్టే.

ఇక బీరకాయ సంగతి. మీరు ‘బీ’ కొట్టగానే ఒక రిక్వెస్ట్ వెళ్లింది, ‘బీర’ అయ్యాక ఇంకొకటి వెళ్లింది. రెండోదాని జవాబు ముందొచ్చి బీరకాయను చూపించింది. ఆలస్యంగా వచ్చిన మొదటి జవాబు దాని మీద బీన్స్, బీట్‌రూట్ తెచ్చి పడేసింది. ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో వాటర్‌ఫాల్ (ఒక్కో రిక్వెస్ట్ పట్టిన సమయాన్ని గీతగా చూపే భాగం) చూడండి, ఏ గీత ముందు మొదలైందో, ఏది ముందు ముగిసిందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒక్కోసారే వచ్చే తప్పును పట్టుకోవడం కష్టం. అందుకే ముందు దాన్ని ప్రతిసారీ వచ్చేలా చేయండి. మీ లోకల్ సర్వర్లో ‘బీ’ అన్న వెతుకులాటకు మాత్రమే రెండు సెకన్ల ఆలస్యం పెడితే చాలు.

టైపింగ్ ఆగాక 300 మిల్లీసెకన్లు ఆగి రిక్వెస్ట్ పంపమని మీ స్నేహితులు చెప్పవచ్చు. సర్వర్ మీద భారం తగ్గుతుంది, మంచిదే. కానీ జవాబులు తారుమారయ్యే ప్రమాదం పోదు. సరైన మందు అబార్ట్ కంట్రోలర్: కొత్త రిక్వెస్ట్ పంపేముందు పాతదాన్ని రద్దు చేయండి. రద్దైన రిక్వెస్ట్ క్యాచ్‌లోకి (కోడ్‌లో తప్పులను పట్టుకునే భాగం) అబార్ట్ ఎర్రర్‌గా వస్తుంది, దాన్ని మాత్రం తెర మీద తప్పుగా చూపించకండి.

ప్రశ్న: గాజువాక నుంచి. జేసన్ చదివేటప్పుడు ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్’ అంటూ పక్కన లెస్‌దాన్ గుర్తు చూపిస్తోంది. నా జేసన్ ఫైలులో ఆ గుర్తే లేదండీ!

జవాబు: మీ ఫైలు అసలు బ్రౌజర్ దాకా రాలేదు. దాని బదులు సర్వర్ హెచ్‌టీఎంఎల్ పేజీ పంపింది, దాని మొదటి అక్షరమే ఆ గుర్తు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రిక్వెస్ట్ మీద నొక్కి రెస్పాన్స్ చూడండి, బహుశా 404 పేజీ, అంటే ‘అడిగింది దొరకలేదు’ అనే పేజీ ఉంటుంది. అడ్రసులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు సరిచూడండి. విండోస్‌లో తేడా లేకపోయినా లినక్స్ సర్వర్‌కు అవి వేర్వేరు ఫైళ్లు.

404 వచ్చినా, 500 (సర్వర్‌లో లోపం) వచ్చినా ఫెచ్ దాన్ని విఫలమైనట్టు లెక్కించదు, నెట్ తెగిపోవడం లాంటివి జరిగితేనే క్యాచ్‌లోకి పంపుతుంది. కాబట్టి జేసన్‌ను చదివేముందు జవాబులోని ‘ఓకే’ విలువ చూడండి. స్టేటస్ (404 లాంటి ఈ సంఖ్యే) 200 నుంచి 299 మధ్య ఉంటేనే అది ట్రూ అవుతుంది.