ఓబులమ్మది వెలీయిటీ కాదు

కడప

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ఓబులమ్మ అరుగు మీద కూర్చుని, రాజంపేట మీదుగా తిరుపతికి పోయే బస్సు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వెళ్లి పసుపు గుడ్డ ముడి విప్పి, అందులో ఒక రూపాయి బిళ్ల వేసి మళ్లీ ముడి బిగించిన చోట నేను కాగితాలు పక్కన పెట్టాను. మా అవ్వ వేళ్లు గుర్తుకు వచ్చాయి. ఆ కిందనే నువ్వు 'ఆమెలో మిగిలింది వెలీయిటీ మాత్రమే' అని రాశావు. అంటే చేత దాకా పోని, ఊరికే మనసులో మెదిలే కోరిక మాత్రమే అని. ఆ వాక్యం చదివి నాకు కోపం వచ్చింది.

ఇంట్లో ఉన్న నిఘంటువులు చాలక ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ దొర బంగళా ఉండిన చోట వెలసిన గ్రంథాలయానికి వెళ్లి, ఒక పూటంతా ఆ ఒక్క మాట కోసం కూర్చున్నాను. లాటిన్‌లో కోరుకోవడాన్ని 'వెల్లే' అంటారు. దాని నుంచి మధ్యయుగపు క్రైస్తవ పండితులు 'వెల్లెయితాస్' అనే మాటను చేసుకున్నారు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ సంకల్పంగా గట్టిపడని ఇచ్ఛను ఆ పేరుతోనే చెప్పాడు. ఇంగ్లీషులోకి అది 17వ శతాబ్దంలో చేరింది. ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ ఆ శతాబ్దం చివర్లో దాన్ని కోరికల్లో అట్టడుగు మెట్టుగా, ఇంచుమించు కోరిక లేనట్టుగా లెక్కగట్టి, అటువంటి కోరిక ఉన్నవాడు దాన్ని తీర్చుకునే ఉపాయమేదీ గట్టిగా పట్టుకోడని వివరించాడు.

మరి ముడుపు కట్టిన చేతికి ఆ మాట ఎలా అంటగట్టావు నాయనా? ముడుపు కట్టడమంటే దేవుడికి మాట ఇవ్వడం. చెనిక్కాయ పంట ఎండిపోవడమూ, తీరని అప్పూ, మనవడి జ్వరమూ ఆమెను కొండకు పోకుండా ఆపినట్టు నీ కథలోనే ఉంది. ఆ అడ్డంకులన్నీ ఆమె బయట ఉన్నవే తప్ప మనసులో ఉన్నవి కావు. అరుదైన మాట దొరికిన సంబరంలో నువ్వు సృష్టించిన మనిషినే నువ్వు చూడలేదు.

ఆ 'వెల్లే'కూ, ఎంచుకోవడాన్ని చెప్పే సంస్కృతపు 'వృ' ధాతువుకూ భాషాశాస్త్రజ్ఞులు ఒకే మూలం చూపుతారు. 'వరం' పుట్టింది ఆ ధాతువు నుంచే, పెళ్లికొడుకును 'వరుడు' అనడమూ అందుకే. నువ్వు సముద్రం దాటించి తెచ్చిన మాటకు దాయాది అయిన మాటను ఓబులమ్మ దేవుడి పటం ముందు రోజూ పలుకుతూనే ఉంది.

నీకు నిజంగా వెలీయిటీ కావలసి వస్తే ఆమె కొడుకు ఉన్నాడు. కువైట్ నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ 'నాకూ నిన్ను కొండకు తీసుకుపోవాలని ఉండాదిమ్మా' అని చెప్పి పెట్టేస్తాడు. ఆ వాక్యం ఎంత గొప్పదో గమనించావా? కోరేవాడు 'నేను' అని ముందు నిలబడకుండా 'నాకు' అని పక్కకు జరుగుతాడు. కోరిక ఒక్కటే అక్కడ ఉంటుంది, చేసేవాడు ఉండడు. 'నేను తీసుకుపోతాను' అన్న రోజునే అతడు కర్త అవుతాడు. లాటిన్ పండితులు కొత్త మాట పుట్టించి చెప్పిన తేడాను మన వాళ్లు ఒక 'కు'తో చెబుతున్నారు.

ఆ 'ఉండాది' కోసం నేను పడిన బాధ నీకు తెలియదు. నా మొదటి కథలో ఒక వారపత్రిక సంపాదకుడు 'పోవాలని ఉండాది'ని ఉన్నచోటల్లా 'వెళ్లాలని ఉంది' అని దిద్ది అచ్చువేశాడు. ఆ సంచికను పట్టుకుని ఊరికి పోయి అమ్మకు చదివి వినిపిస్తే, అంతా విని, 'ఈయమ్మ ఏ ఊరిదిరా?' అని అడిగింది. నేను రాసింది ఆమె గురించే. ఆ తరువాత రెండేళ్లు కథ రాయలేకపోయాను. అప్పుడు సీమ మాటను తప్పుగా చూసిన పత్రికలే ఇప్పుడు ఎవరికీ అర్థం కాని ఇంగ్లీషు మాట కనిపిస్తే కొత్తదనమని మెచ్చుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ వెలీయిటీ వాక్యం కొట్టివేసి కథ మళ్లీ పంపు. ఇన్నేళ్లలో ఆ పసుపు గుడ్డలో ఎన్ని బిళ్లలు చేరాయో నువ్వు ఎక్కడా చెప్పలేదు. ఓబులమ్మకు ఆ లెక్క తెలుసు. అది కనుక్కుని రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన