ఫ్యూయెల్ సెల్ హైబ్రిడ్: కారుకు కాదు, సాలూరు లారీకి

ప్రశ్న: బ్యాటరీతో పాటు హైడ్రోజన్ ఫ్యూయెల్ సెల్ కూడా ఉండే హైబ్రిడ్ కార్లు వస్తాయంటున్నారు. విజయనగరంలో ఉండేవాళ్లం వాటికోసం ఆగాలా, ఇప్పుడే బ్యాటరీ కారు కొనుక్కోవాలా?

కారు కోసమైతే ఆగకండి. నీటి నుంచి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. ఆ కిలో బండిలోని ఫ్యూయెల్ సెల్‌లో మళ్లీ కరెంటుగా మారితే చేతికొచ్చేది మహా అయితే 20 యూనిట్లు. ఇంట్లో ప్లగ్గు ఉన్నవాడికి ఈ తిప్పలెందుకు? పైగా 700 బార్ల, అంటే మామూలు గాలికి దాదాపు 700 రెట్ల ఒత్తిడితో గ్యాస్ నింపే బంకు మన కోట జంక్షన్‌లో ఎవరు పెడతారు?

నన్నడిగితే ఈ హైబ్రిడ్ సంగతి మాట్లాడవలసింది లారీల దగ్గర. మాది సాలూరు. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ, మా ఇంట్లో ఎవరూ విజయనగరం జిల్లా అనడం మానలేదు. ఆ ఊళ్లో లారీలతో సంబంధం లేని ఇల్లు కావాలంటే వెతుక్కోవాలి.

చదువుకునే రోజుల్లో ఒకసారి సెలవులకు మావయ్య లారీలో రాయపూర్ వెళ్లి, ఇనుప కడ్డీల లోడుతో తిరిగి వస్తున్నాం. కొరాపుట్, పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగేసరికి చీకటి, పైన జల్లు. మావయ్య అయినదానికీ కానిదానికీ బ్రేకు తొక్కే మనిషి కాదు. చిన్న గేరులో ఇంజను మొత్తుకుంటుంటే నెమ్మదిగా దించుతాడు. అయినా ఆ రాత్రి ముందు వెళ్లే ట్యాంకరు ప్రతి మలుపులోనూ ఆగుతుండడంతో తొక్కక తప్పలేదు. కాసేపటికి కేబిన్ నిండా బ్రేకు లైనర్లు మాడిన వాసన. బండి పక్కకు తీశాడు. క్లీనర్ దూకి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. వేడెక్కిన బ్రేకు డ్రమ్ముల మీద పడిన చినుకు పడినట్టే ఆవిరైపోతోంది. క్లీనర్ బకెట్టు అందుకోగానే మావయ్య అరిచాడు: "నీళ్లు పోయకురా, డ్రమ్ము పగులుతుంది!" తర్వాత నా వైపు తిరిగి, "ఇది ఎక్కేటప్పుడు డీజిల్ తాగుతుంది, దిగేటప్పుడు లైనర్లు తింటుంది. ఎటు వెళ్లినా ఖర్చు మనదే" అన్నాడు.

ఆ తినేది ఎంతో చూడండి. 28 టన్నుల బండి 600 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 45 యూనిట్ల శక్తి బయటపడుతుంది. గాలికీ టైర్లకూ పోయింది పోను, మిగతాదంతా డ్రమ్ముల్లోనూ ఇంజనులోనూ వేడిగా తగలబడుతుంది. కరెంటు బండిలో అయితే మోటారే జనరేటరుగా తిరిగి అందులో చాలా భాగం వెనక్కి ఇస్తుంది. కానీ పుచ్చుకునేదెవరు? ఫ్యూయెల్ సెల్‌కు ఇవ్వడమే తెలుసు, పుచ్చుకోవడం తెలియదు. పైగా అది సుకుమారం. ఎక్సలరేటరు తొక్కినప్పుడల్లా ఎగసి, వదిలినప్పుడల్లా పడిపోతుంటే దాని లోపలి పల్చటి పొర, దానికి పూసిన ప్లాటినం త్వరగా దెబ్బతింటాయి. అందుకే దాన్ని ఒకే తీరుగా నడవనిచ్చి, ఎగుడుదిగుళ్ల భారమంతా బ్యాటరీ మీద వేస్తారు. హైబ్రిడ్‌లో హైడ్రోజన్‌కు పేరు, చాకిరీ బ్యాటరీకి.

టయోటా మిరాయ్ రెండో తరం కారులో బ్యాటరీ 1.24 యూనిట్లే. 2022లో గడ్కరీ గారు పార్లమెంటుకు మిరాయ్‌లోనే వెళ్లారు. ఢిల్లీ రోడ్లకు అది చాలు. అంత బ్యాటరీని లోడు లారీలో పెట్టి సుంకి దగ్గర వదిలితే మొదటి మలుపుల్లోనే నిండిపోయి, మళ్లీ లైనర్లే గతి అవుతాయి. మనకు కావలసింది పెద్ద బ్యాటరీ, ఓ మాదిరి ఫ్యూయెల్ సెల్. అదొక్కటే చాలదు. ఘాట్ మొదలయ్యేసరికి బ్యాటరీలో ఖాళీ ఉండాలి. అంటే కొరాపుట్ దగ్గరే ఫ్యూయెల్ సెల్‌ను తగ్గించి, బ్యాటరీని వాడుకుంటూ రావాలి. ఈ లెక్క చేసే కంప్యూటరుకు ముందున్న దారి తెలియాలి. అది రాసే ఇంజనీర్లు ఒక్కసారి మా మావయ్య పక్క సీట్లో కూర్చుని రావాలని నా కోరిక.

ఇంకో మాట. ఇలాంటి బండి వార్తకు "నీళ్లతో నడిచే కారు" అని శీర్షిక పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లు దాని గొట్టంలోంచి బయటికొచ్చేవి, ట్యాంకులో పోసేవి కావు!

అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యం, చూపు మాత్రం ఎక్కువగా ఎగుమతుల మీద. అందులో కాస్త పక్కకు తీసి విశాఖ నుంచి రాయపూర్ దారిలో లారీల కోసం నాలుగు బంకులు పెడితే ఎవరి సొమ్మూ పోదు.

మీరు బ్యాటరీ కారే కొనుక్కోండి. చార్జింగు మాత్రం ఇంట్లోనే పెట్టించుకోండి. మా వీధి చివరి చార్జింగ్ పాయింటు ముందు ఎప్పుడు చూసినా ఎవరిదో ఒక స్కూటరు అడ్డంగా ఉంటుంది.