న్యూట్ల మీద పరిశోధన చేస్తే బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది చదువుతోంది. దగ్గరి జాతుల న్యూట్లను వేరుచేసే జెనెటిక్ మార్కర్ల మీద పనిచేస్తానని పట్టుబడుతోంది. ఇదసలు ఉద్యోగమేనా? - ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: న్యూట్ చూడ్డానికి బల్లిలా ఉంటుంది గానీ చుట్టరికం కప్పలతోనండి. మన దేశంలో డార్జిలింగ్ కొండలు, ఈశాన్య రాష్ట్రాల వైపే కనిపిస్తుంది. అమ్మాయి చెబుతున్న పని ఎక్కువగా జరిగేది యూరప్‌లో. అక్కడ ట్రైటురస్ అనే ప్రజాతి న్యూట్లలో పక్కపక్క జాతులు సరిహద్దుల్లో కలిసి సంకర పిల్లల్ని కంటాయి. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒక్కటే చూస్తే ఏది ఏ జాతో తప్పు చెబుతుంది. కాబట్టి కణ కేంద్రకంలోని డీఎన్‌ఏలో చాలాచోట్ల జాతిని బట్టి మారే గుర్తులు (ఇవే మార్కర్లు) వెతకాలి. కానీ మనిషి జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ) సుమారు 300 కోట్ల అక్షరాలైతే న్యూట్లది 2,000 కోట్లు, ఆపైన. అందులోనూ మళ్లీ మళ్లీ వచ్చే వరుసలే ఎక్కువ. అదంతా చదవడం ఖరీదైన వ్యవహారం. అందుకని జన్యువుల నకలైన ఆర్‌ఎన్‌ఏను సీక్వెన్స్ చేసి (అక్షరాల వరుస చదివి), పనిచేస్తున్న జన్యువులను పట్టుకుని, వాటికి ప్రైమర్లు (కావాల్సిన చోట అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) తయారుచేసి, అన్ని జాతుల్లోనూ పీసీఆర్, అంటే ఆ చోటి డీఎన్‌ఏకు లక్షల నకళ్లు తీయడం, వస్తుందో లేదో చూస్తారు. కొన్ని ప్రైమర్లు ఒక జాతిలో పనిచేసి పక్కదాంట్లో మొండికేస్తాయి. ఓపిక లేనివాళ్లకు ఇది నరకమే.

ఇక మీ అసలు భయం. న్యూట్ల పేరుతో ఇక్కడ ఉద్యోగాలు ఉండవు, నిజమే. చేతికొచ్చే పనికి మాత్రం గిరాకీ ఉంది. టమాటా, మిరప హైబ్రిడ్ విత్తనంలో కల్తీ ఉందో లేదో విత్తన కంపెనీలు తేల్చేది మార్కర్లతోనే. తల్లిదండ్రులిద్దరి గుర్తులూ మొక్కలో ఉన్నాయా అని చూస్తారు. సంకర న్యూట్‌ను పట్టుకునే పద్ధతీ అదే.

యూరప్ అప్పుడే వద్దంటాను. ఐఐఎస్‌సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయమనండి. బెంగళూరులోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ ఎమ్మెస్సీ కూడా మంచిదే, కాకపోతే ప్రవేశాలు రెండేళ్లకోసారే. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో వన్యప్రాణుల జన్యు పరిశోధనకు లాకోన్స్ అనే ప్రయోగశాలే ఉంది. పశ్చిమ కనుమల పొదకప్పల్లోనూ చూపుకు ఒకేలా ఉండే జాతులు బోలెడు, ఆ సమస్య ఇక్కడే దొరుకుతుంది.

అడవికెళ్లి కప్పల్ని పట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అందుకే ముందు కంప్యూటర్ మీద మొదలుపెట్టమనండి. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డీఎన్‌ఏ భండారంలో సీక్వెన్సులు ఉచితమే కదా, రెండు పొదకప్ప జాతులవి తీసుకుని, తేడాలు వెతికి, ప్రైమర్లు రూపొందించమనండి. లినక్స్, కొంచెం పైథాన్ అక్కడే అలవాటవుతాయి. నెల తర్వాత కూడా ఉత్సాహం తగ్గకపోతే జామ్ ఫీజు కట్టేయండి.