తాబేళ్లలో మగదేది, ఆడదేది? కలిపి పెంచవచ్చా?

ప్రశ్న: మేము అమెరికాలోని టెక్సాస్‌లో ఉంటున్నాం. నాలుగేళ్ల క్రితం మూడు సల్కాటా (ఆఫ్రికాకు చెందిన పెద్ద నేల తాబేలు జాతి) తాబేలు పిల్లలను కొన్నాం. ఒకటి మగది, రెండు ఆడవి అని చెప్పి అమ్మారు. పెద్దదాని డిప్ప అడుగు పొడవు దాటింది. అది రోజూ చిన్నదాన్ని తరిమి కుమ్ముతోంది. చిన్నది మూలకు చేరి సరిగా మేయడం లేదు. మగదాన్ని గుర్తించడం ఎలా? మూడింటినీ ఒకే దొడ్డిలో ఉంచవచ్చా?

జవాబు: ముందు చిన్నదాన్ని ఈ రోజే వేరు చేయండి. తాబేలు బాధతో అరవదు, మూలగదు. మేత మానినా ప్రశాంతంగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. అందుకే చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. అడ్డుగా తీగ వల కట్టవద్దు. అవతలిది కనిపిస్తున్నంతసేపు పెద్దది వల వెంటే తిరుగుతుంది. చెక్కతోనో ఇటుకతోనో గోడలా కట్టండి. ఇవి బొరియలు తవ్వే జాతి కాబట్టి ఆ గోడ పునాది నేలలోకి దిగి ఉండాలి. చిన్నదాన్ని సరీసృపాల వైద్యుడికి చూపించి, పేడలో పురుగులున్నాయేమో పరీక్ష చేయించండి.

అమ్మినవారి మాట మీద ఆధారపడకండి. పిల్లల్లో మగ, ఆడ తేడా పైకి తెలియదు. వీటిలో లింగాన్ని నిర్ణయించేది గుడ్డు పొదిగిన వేడి. వేడి తగ్గితే మగవి, పెరిగితే ఆడవి ఎక్కువగా పుడతాయి. డిప్ప సుమారు 30-35 సెంటీమీటర్లు పెరిగితే గాని బయటి గుర్తులు తేలవు. కాబట్టి మీ పెద్దదాన్ని ఇప్పుడు చూడవచ్చు, మిగతా రెండింటికీ ఆగాలి.

నేను మొదట చూసేది తోక. మగదాని తోక పొడవుగా, మొదట్లో లావుగా ఉండి పక్కకు మడిచి ఉంటుంది. ఆడదాని తోక పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. మగదాని పొట్ట డిప్ప లోపలికి గుంటపడి ఉంటుంది, ఆడదానిది దాదాపు చదును. తోక దగ్గరి చివరి రెండు పలకల మధ్య కోణం మగవాటిలో వెడల్పు. ఒకటి మరొకదానిపైకి ఎక్కడం మాత్రం గుర్తు కాదు, పెత్తనం కోసం ఆడవి కూడా ఎక్కుతాయి. చూసేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టకండి. లోపలి అవయవాల బరువు ఊపిరితిత్తులపై పడుతుంది. ఇద్దరు పట్టుకుని కాస్త వంచితే చాలు.

ఒంటరిగా ఉంటే దిగులు పడుతుందని తోడు తెచ్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. తాబేలుకు తోడు అక్కరలేదు. రెండు మగవి కలిస్తే గొంతు కింద ముందుకు పొడుచుకొచ్చిన పలకతో ఒకదాన్నొకటి తిరగేస్తాయి. ఎండలో వెల్లకిలా పడినది గంటల్లోనే చనిపోవచ్చు. ఒక మగ, ఒక ఆడ ఉంటే ఆడదానికి ఊపిరాడనివ్వదు. విశాలమైన దొడ్డిలో ఒక మగదానికి కనీసం మూడు ఆడవైనా ఉండాలి, అప్పుడు కూడా మగదాన్ని విడిగా ఉంచే చోటు సిద్ధంగా ఉండాలి. ఆడవి మాత్రమే ఉంటే చాలావరకు సర్దుకుంటాయి. మగది లేకపోయినా ఆడవి గుడ్లు పెట్టవచ్చు కాబట్టి తవ్వుకోవడానికి మెత్తటి మట్టి ఉంచండి.

మేతకు గరిక, ఎండుగడ్డి చాలు. వేర్వేరు చోట్ల వేయండి. ఇవి శీతాకాలంలో నిద్రావస్థలోకి వెళ్లవు, వెచ్చని గూడు తప్పనిసరి. పెరిగితే 40-50 కిలోలు తూగుతాయి, స్థలం లెక్క ఇప్పుడే వేసుకోండి.

ఇది చదివి మన ఊళ్లలో నక్షత్ర తాబేళ్లను ఇంటికి తెచ్చుకోవద్దు. సిరి వస్తుందన్న నమ్మకంతో పెంచినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఇప్పటికే ఇంట్లో ఉంటే అటవీ శాఖకు అప్పగించండి.