చార్పిట్ పద్ధతి దాటాక ఏముంది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మేథ్స్ రెండో ఏడు. నాన్‌లీనియర్ పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. బీఈడీ చేసి టీచరవమంటే వినడం లేదు. ఏం చెప్పమంటారు?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, మీ టెన్షన్ సగం అదే కాబట్టి. యూజీసీ-నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. అంటే పీహెచ్‌డీ భారం మీ మీద పడదు. ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్-1 మూలవేతనం 1,01,500తో మొదలవుతుంది. అయితే ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు, ఆపైన రెండు మూడేళ్ల పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అయ్యేసరికి ముప్ఫై ఏళ్లు వచ్చేస్తాయి. పోస్టులూ తక్కువే.

నేను ఆలోచించేది మాత్రం వేరే. డిగ్రీలో పీడీఈ (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్) అంటే లగ్రాంజ్ పద్ధతి, చార్పిట్ పద్ధతి. మెట్లు వరసగా రాస్తే జవాబొస్తుంది, మార్కులొస్తాయి. రీసెర్చ్‌లో జవాబు చేతికి రావడం అరుదు. పరిష్కారం అసలు ఉందా, ఒక్కటేనా, కొంతసేపటికి చెడిపోతుందా అన్నది రుజువు చేయాలి.

భీమిలి తీరంలో అల విరగడం చూసే ఉంటారు. ద్రవాల కదలికకు తేలిక నమూనా అయిన బర్గర్స్ సమీకరణంలో, జిగట లేదనుకుంటే, అల కూడా అలాగే ప్రవర్తిస్తుంది. శిఖరం వేగంగా, అడుగు నెమ్మదిగా కదులుతాయి. ముందువైపు నిటారవుతూ పోయి, ఒక క్షణాన నునుపైన పరిష్కారం అక్కడితో ఆగిపోతుంది. వేగాన్ని దాని మార్పుతోనే గుణించే పదం సమీకరణంలో ఉండటమే కారణం. నాన్‌లీనియర్ అంటే ఇదే: రెండు పరిష్కారాలు కూడితే మూడోది దొరికే వెసులుబాటు ఇక్కడ ఉండదు. నీటి ప్రవాహాన్ని చెప్పే నేవియర్–స్టోక్స్ సమీకరణాలకు మూడు కొలతల్లో ఇలాంటి గండం ఉందో లేదో ఇప్పటికీ తేలలేదు. దీన్ని తేల్చినవారికి అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతి అలాగే ఉంది!

రోజువారీ పని ఇంకా చప్పగా ఉంటుంది. ఒక్క అసమానత (ఇనీక్వాలిటీ) నిలబడుతుందా లేదా అని నెలల తరబడి కాగితాలు నింపడం, నింపినవి చింపడం. కాబట్టి మార్కులు చూడకండి. వారమైనా తేలని లెక్క దగ్గర మీ అమ్మాయి విసుక్కుంటుందా, అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచిస్తుందా? అది మీకే తెలుస్తుంది.

మనవాళ్లకు ఇది కొత్త దారేం కాదు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన వి.లక్ష్మీకాంతం అమెరికాలో స్థిరపడి, నాన్‌లీనియర్ ఎనాలిసిస్ కోసమే ఒక అంతర్జాతీయ జర్నల్ నెలకొల్పారు.

ఇప్పుడు చేయాల్సింది: రియల్ ఎనాలిసిస్ గట్టిగా చదవడం. మూడో ఏడు సెప్టెంబరులో జామ్‌కి (ఐఐటీల్లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) దరఖాస్తు. బెంగళూరులో టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వారి కేంద్రం పీడీఈకి పేరున్న చోటు, అక్కడ డిగ్రీ తర్వాతే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో చేరొచ్చు. అన్నిటికంటే ముందు, వచ్చే వేసవిలో గణిత విద్యార్థుల కోసం నడిపే ఎంటీటీఎస్ శిబిరానికి పంపండి. 1993 నుంచి నడుస్తోంది. అక్కడ నోట్సు చెప్పరు, బోర్డు దగ్గర నిలబెట్టి ‘ఎందుకు?’ అని అడుగుతారు. తిరిగొచ్చాక కూడా ఇదే మాట అంటే బీఈడీ ఊసెత్తకండి. వద్దంటే, బీఈడీ నోటిఫికేషన్ ఎలాగూ ఏటా వస్తుంది.