క్యామ్ మార్చిన కారుకు బ్రేకు పవర్ తగ్గితే: మేనల్లుడికి మామ ఉత్తరం

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

పాత హోండా సిటీకి క్యామ్ (ఇంజిన్ వాల్వులు తెరిచే షాఫ్టు) మార్పించి రేసింగ్‌ది వేయించాక నెల్లూరు ట్రంకు రోడ్డులో బ్రేకు పెడల్ గట్టిపడుతోందనీ, హైవే మీద మాత్రం బాగానే ఉందనీ రాశావు. పెద్ద డిస్కులు కొంటానంటున్నావు. ఆగు. ముందు వ్యాక్యూమ్, అంటే ఇంజిన్ గాలి పీల్చడం వల్ల లోపల తగ్గే ఒత్తిడి, ఎంతుందో చూడు.

పెడల్‌కి సాయంపట్టే బ్రేకు బూస్టర్‌కి సొంత బలం లేదురా. ఒకవైపు ఇంటేక్ మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల్లో) పుట్టే వ్యాక్యూమ్, మరోవైపు బయటి గాలి ఒత్తిడి, ఆ తేడాయే నీ కాలికి సాయం. మామూలు పెట్రోలు ఇంజిన్ ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో తిరిగేటప్పుడు, 18 నుంచి 22 అంగుళాల (పాదరసం లెక్కలో) వ్యాక్యూమ్ దాకా ఇస్తుంది. రేసింగ్ క్యామ్‌లో ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరుచుకుని ఉండే సమయం ఎక్కువ. అందుకని స్లోలో వ్యాక్యూమ్ 10కి కూడా పడిపోవచ్చు. హైవేలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ ఇంకా జోరుగానే తిరుగుతుంటుంది, వ్యాక్యూమ్ దండిగా వస్తుంది. నీకు అక్కడ తెలియకపోవడానికి కారణం అదే. శ్రీశైలం నుంచి దోర్నాల ఘాట్ గేరులో దిగినా ఇబ్బంది ఉండదు. న్యూట్రల్‌లో దిగావో, ఇంజిన్ స్లోకి పడిపోయి అక్కడే దొరికిపోతావు. పెట్రోలు మిగులుతుందని ఆ పని చేసే మహానుభావులు మనవైపు ఇంకా ఉన్నారు.

ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కు. తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే ఇంజిన్ నుంచి బూస్టర్‌కి వచ్చే హోస్, చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది), దాని రబ్బరు గ్రోమెట్ (సీలు) చూడు. తొక్కి పట్టుకున్నంతసేపూ కాళ్ల దగ్గర బుస్సుమని గాలి శబ్దం వస్తుంటే బూస్టర్‌లోని డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగిందేమో చూపించు.

ఇవన్నీ బాగుంటే నీకు చాలామంది వ్యాక్యూమ్‌ని దాచిపెట్టే ట్యాంకు పెట్టుకోమంటారు. నాకు దానిమీద పెద్ద నమ్మకం లేదు. ఇంజిన్‌లో ఎంత పుడితే అంతే కదా అందులో దాగేది! రెండు మూడు బ్రేకులు అదనంగా వస్తాయి. నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర ఆగి ఆగి కదిలేటప్పుడు అది అయిపోయిందంటే మళ్లీ నిండడం కష్టం. స్లోలో వ్యాక్యూమ్ గేజ్ 15 కంటే కిందే నిలబడితే కరెంటు వ్యాక్యూమ్ పంపే పెట్టించు. రిలే, ఫ్యూజు, వ్యాక్యూమ్ స్విచ్ మూడూ ఉండాలి. మానిఫోల్డ్ వైపు చెక్ వాల్వ్ లేకపోతే పంపు బూస్టర్‌ని వదిలి ఇంజిన్‌లోంచే గాలి లాగుతూ కూర్చుంటుంది. హోస్ దగ్గర కక్కుర్తి పడకు. పెట్రోలు పైపు ముక్క వేస్తే వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుపోతుంది. రేపు టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టేది) కూడా పెడతావేమో, నీ సంగతి నాకు తెలుసు. అప్పుడు బూస్ట్ ఒత్తిడిని బూస్టర్‌లోకి పోనివ్వకుండా ఆపేది ఆ చెక్ వాల్వే.

పెద్ద మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసేది) వేయమన్న మెకానిక్ మాట వినకు. బోరు (లోపలి వెడల్పు) పెరిగితే పెడల్ ఇంకా గట్టిపడుతుంది. ఇప్పుడున్న దాని వెనక సీలు కారుతుందేమో మాత్రం చూడు. బ్రేకు ఆయిల్ బూస్టర్‌లోకి దిగితే లోపలి రబ్బరు పాడవుతుంది.

గేజ్ కొనకు, నా దగ్గరుంది. ఆదివారం కావలి వచ్చేయ్. ఏసీ ఆపి ఒకసారి, వేసి ఒకసారి రీడింగ్ తీద్దాం. రెండింట్లో తక్కువ వచ్చినదాన్ని బట్టే పంపు సంగతి తేలుద్దాం.

మామ