ఇంజెక్షన్ మీ అంతట మీరు ఆపకండి, పాత బయాప్సీ బ్లాకులు మాత్రం తెచ్చి పెట్టుకోండి

చెల్లెలికి మోకాలి దగ్గర జెయింట్ సెల్ ట్యూమర్ (ఎముకలో వచ్చే, మామూలుగా క్యాన్సర్ కాని గడ్డ), బెంగళూరులో డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఇస్తున్నారు, ఆ మందు మీద ఉండగానే గడ్డ క్యాన్సర్‌గా మారుతుందని ఎక్కడో చదివాం, ఆపేద్దామా అని అడిగారు. మా తమ్ముడికి చెన్నైలో ఇదే గడ్డకు ఇదే మందు వాడాం. అక్కడ చూసింది, డాక్టర్లు చెప్పింది రాస్తున్నా.

మీ భయం ఉత్తిది కాదు. అలా మారిన కేసులున్నాయి, మందుతో వచ్చే కాగితంలోనూ ఆ హెచ్చరిక ఉంటుంది. కానీ చాలా అరుదు. పైగా ఈ గడ్డ మందు ముట్టని వాళ్లలోనూ అరుదుగా మారుతుంది, రేడియేషన్ ఇచ్చిన కొన్నేళ్లకు మారినవీ ఉన్నాయి. మందు వల్లే మారిందని ఇంతవరకూ రుజువు కాలేదు. కొన్నిసార్లు మొదటి బయాప్సీలో తీసిన చిన్న ముక్కలో దొరకని క్యాన్సర్ తర్వాత బయటపడుతుంది.

మందు పని ఇదీ: ఎముకను తినేసే పెద్ద కణాలను పోగొడుతుంది. అసలు గడ్డ కణాలు వేరే, అవి అణిగి ఉంటాయి గానీ పూర్తిగా పోవు. కలుపు పైపైన కోసినట్టే. అందుకే ఆపితే మళ్లీ పెరగొచ్చు.

మా వాడికి నొప్పి తొందరగానే తగ్గింది, ఎక్స్‌రేలో గడ్డ చుట్టూ తెల్లటి గట్టి అంచు కట్టింది. తర్వాత ఆపరేషన్ చేసి గడ్డ గీకి తీశారు. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ల్యాబ్ రిపోర్టులో ‘ఆస్టియోసార్కోమా అనుమానం’ అని రాశారు, అంటే ఎముక క్యాన్సర్. అమ్మ అన్నం మానేసింది. తీరా చూస్తే ల్యాబ్‌కు పంపిన ఫారంలో ‘ఇంతకుముందు చేసిన చికిత్స’ అన్న గడి ఖాళీ! ఈ మందు పడ్డాక పెద్ద కణాలు మాయమై కొత్త ఎముక అల్లుకుంటుంది, సంగతి తెలియకుండా చూస్తే ఎముక క్యాన్సర్‌లాగే కనిపించొచ్చట. ఎముక గడ్డలు చూసి అలవాటున్న ఇంకో పాథాలజిస్టు దగ్గరికి పాత బ్లాకులు, కొత్త బ్లాకులు రెండూ పట్టుకెళ్లాం. గోరంత కణజాలం ఉన్న మైనం దిమ్మలు, జిప్ కవర్లో పెట్టుకుని. ఆమె రెండూ పక్కపక్కన చూసి, హెచ్3.3 జి34డబ్ల్యూ అనే స్టెయిన్ (ఈ గడ్డ కణాలను గుర్తుపట్టే రంగు పరీక్ష) వేయించి, ఇది ఆ పాత గడ్డేనని, చెడ్డ కణాలేవీ లేవని, మందు వల్ల వచ్చిన మార్పేనని తేల్చారు.

మీరు కనిపెట్టాల్సింది నొప్పిని. తగ్గిన నొప్పి ఇంజెక్షన్లు నడుస్తుండగానే మళ్లీ మొదలైనా, రాత్రిళ్లు లేపుతున్నా, వాపు పెరిగినా తర్వాతి డోసు దాకా ఆగొద్దు. ఎమ్ఆర్ఐ, అవసరమైతే మళ్లీ బయాప్సీ అడగండి. ఛాతీ సీటీ ఎప్పుడెప్పుడు తీస్తారో కూడా అడగండి, ఎందుకంటే క్యాన్సర్‌గా మారని గడ్డ కూడా ఒక్కోసారి ఊపిరితిత్తులకు పాకుతుంది.

మిగతావి క్లుప్తంగా. డోసు 120 మిల్లీగ్రాములు, 4 వారాలకొకసారి, మొదటి నెలలో 8వ, 15వ రోజుల్లో అదనంగా. కాల్షియం, విటమిన్ డి మానకూడదు. పన్ను పీకించాల్సి ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పండి, దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది. మందు ఆపాక, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, కాల్షియం ఒక్కసారిగా పెరగొచ్చు, కాబట్టి ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. పెళ్లయి ఉంటే, ఆఖరి డోసు తర్వాత కనీసం 5 నెలల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. ఇది మాత్రం చెల్లెలికి మీ ఇంట్లో ఆడవాళ్లెవరైనా విడిగా చెబితే మేలు.